చక్రములపై ఇల్లు

దేశమును చూడవలెనను కోరిక మానవునకు సహజము. పూర్వము యాత్రలకు బయలుదేరువారు బియ్యము, పప్పు, వంటపాత్రలు, చాపలు బండిలో వేసికొని, దారిలో చెట్టునీడను ఎడ్లను విప్పి, వండుకొని భుజించి, రాత్రి ఆ బండిలోనే నిద్రించెడివారు. కాలము మారినది. ఎడ్ల స్థానమున యంత్రములు వచ్చినవి. కాని ఇంటిని వెంట గొనిపోవలెనను కోరిక మాత్రము మారలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ కోరికను తీర్చుచున్న సాధనములలో ట్రక్కు క్యాంపర్ ఒకటి.

పికప్ ట్రక్కునకు ముందు నడుపువాడు కూర్చుండు గదియు, వెనుక సామానులు వేయుటకు పైకప్పులేని తొట్టియు ఉండును. ఆ తొట్టిలో సరిగా ఇమిడి కూర్చుండునట్లు నిర్మించిన చిన్న ఇల్లే క్యాంపర్. అందు పడక, పొయ్యి, నీళ్లతొట్టి, అలమరలు ఉండును. నాలుగు మూలలను జాకీలతో పైకెత్తి ట్రక్కును ముందునకు నడిపినచో ఇల్లు అచ్చటనే నిలిచియుండును. ట్రక్కు ఇతర పనులకు ఉపయోగపడును. ఇదియే దానియందలి సౌలభ్యము.

ఇట్టి వాహనములలో లోకప్రసిద్ధి గాంచినది జాన్ స్టైన్‌బెక్ అను రచయితది. ఆయన 1902లో కాలిఫోర్నియాలోని సాలినాస్ పట్టణమున జన్మించెను. తన దేశప్రజల కష్టసుఖములను నవలలుగా వ్రాసి కీర్తి పొందెను. ఏబదియెనిమిదవ యేట ఆయనకు ఒక సంశయము కలిగినది. తాను ఏ దేశమును గూర్చి వ్రాయుచున్నాడో ఆ దేశమును చూచి ఎన్నో ఏండ్లయినది. చూడనిదానిని గూర్చి వ్రాయుట న్యాయమా? ఆరోగ్యము అంత బాగుగా లేకున్నను, దేశమంతయు తిరిగి చూడవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

అందులకై ఒక ట్రక్కును, దానిపై అమర్చు చిన్న ఇంటిని చేయించుకొనెను. అందు పడక, పొయ్యి, చలిని పోగొట్టు సాధనము, శీతలపేటిక, పురుగులు రాకుండ జల్లెడలు బిగించిన కిటికీలు ఉండెను. దానికి ‘రోసినాంటే’ అని పేరిడెను. స్పెయిను దేశపు రచయిత సెర్వాంటెస్ సృష్టించిన డాన్ క్విక్సోట్ అను వీరుని గుఱ్ఱము పేరది. 1960 సెప్టెంబరు నెలలో, చార్లీ అను తన కుక్కను తోడు గొని ఆయన బయలుదేరెను.

ప్రయాణమునకు ముందు ఆయన చేసిన పొరపాటొకటి కలదు. ఏది అవసరమగునో యను శంకతో కనబడిన వస్తువునెల్ల బండిలో చేర్చెను. పనిముట్లు, ఆహారపు డబ్బాలు, దుస్తులు మాత్రమే గాక, ఎన్నడో చదువవలెనని దాచుకొన్న పుస్తకములు నూటయేబది పౌనులు, అనగా దాదాపు 68 కిలోగ్రాములు ఎక్కించెను. దాని ఫలము ఆరిగన్ రాష్ట్రమున కనబడినది. ఒక ఆదివారము వాన కురియుచుండగా వెనుక చక్రపు టైరు పగిలినది. ఆయన బురదలో పడి దానిని మార్చవలసి వచ్చినది. రెండవ వెనుక టైరు కూడ చెడిపోయి, ఏ క్షణమున పగులునో తెలియకుండెను. భారమే ఇందులకు కారణము. పెట్రోలు పోయు చోట ఒక అపరిచితుడు, సెలవు దినమైనను, పలుచోట్లకు టెలిఫోను చేసి, ఆ బరువును మోయగల గట్టి టైర్లను తెప్పించి యిచ్చెను. ఈ వృత్తాంతమును స్టైన్‌బెక్ 1962లో వెలువడిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ అను గ్రంథమున దాచక వ్రాసెను. ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

క్యాంపర్ కొనగోరువాడు మొదట నేర్వవలసిన పాఠము ఇందే కలదు. సాధారణముగా కొనువాడు పరుపు మెత్తదనమును, అలమరల నునుపును, కిటికీల అందమును చూచును. చూడవలసినది ముందుగా బరువు. నేడు అమెరికాలో అమ్మబడు పికప్ ట్రక్కులలో నడుపువాని తలుపు ప్రక్కన ఒక చీటీ అంటించియుండును. మనుషులు, సామానులు కలిసి ఎంత బరువు మించరాదో అందు ముద్రింపబడియుండును. ఆ అంకెయే కొనువానికి శాసనము.

ఉదాహరణమునకు, ఒక ట్రక్కు చీటీలో 1,500 కిలోగ్రాములని యున్నదనుకొందము. వర్తకుడు చూపిన ఇంటి బరువు 1,100 కిలోగ్రాములు. ఇంకను 400 మిగిలినవి గదా యని కొనువాడు సంతోషించును. కాని వర్తకుడు చెప్పినది నీరు, సామాను లేని వట్టి ఇంటి బరువు. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. 120 లీటర్ల తొట్టి నింపినచో 120 కిలోగ్రాములు. గ్యాసు బుడ్లు, బ్యాటరీలు 60. ఇద్దరు మనుషులు 140. ఆహారము, పాత్రలు, దుస్తులు, పనిముట్లు 150. అన్నియు కూడిన 1,570 కిలోగ్రాములగును. బండి ఇంటి ముంగిట కదలకముందే 70 కిలోగ్రాములు మించినది! అట్టి బండికి బ్రేకు వేసినను వేగిరముగా నిలువదు, టైర్లు వేడెక్కి పగులును, మలుపులలో ఒరగును. కనుక వివేకవంతుడు కావలసిన ఇంటిని ముందు నిర్ణయించుకొని, దానిని నిండు బరువుతో మోయగల ట్రక్కును తరువాత వెదకును. ట్రక్కు ముందే యున్నచో, దానికి తగిన చిన్న ఇంటితో తృప్తిపడును. సామానంతయు ఎక్కించిన పిమ్మట లారీలను తూచు కాటాపై నిలిపి సరిచూచుకొనును.

బరువెంత యనుటయే గాక, బరువెచ్చట యనుటయు ముఖ్యము. ఎడ్లబండి వెనుక బరువెక్కినచో కాడి పైకి లేచి, పలుపులు ఎడ్ల గొంతులను నొక్కునని ప్రతి రైతునకు తెలియును. ట్రక్కు విషయమును అట్టిదే. ఇంటి భారకేంద్రము వెనుక ఇరుసునకు కొంచెము ముందుండవలెను. వెనుకకు జరిగినచో ముందు చక్రములు తేలికయై, బండి నడుపువాని చేతికి లొంగదు.

పాత ఇంటిని కొనువాడు మరింత జాగరూకుడై యుండవలెను. దానికి ప్రబల శత్రువు వాననీరు. పైకప్పు అతుకులు విడిన చోట నీరు చేరి, లోని కొయ్యను కుళ్లజేయును. పైన కొత్త రంగు పూసిన ఈ లోపము కనబడదు. మూలలను బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. మెత్తగా దిగినను, ముక్కవాసన వచ్చినను కొనరాదు. గ్యాసు గొట్టములను పరీక్షింపవలెను. పొయ్యి మండునప్పుడు గాలి చాలకున్న కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారి ప్రాణములను నిద్రలోనే హరింపగలదు. అందుచే దానిని కనిపెట్టి మ్రోగు యంత్రము పనిచేయుచున్నదో లేదో చూడక ఒక్క రాత్రియైనను అందు పరుండరాదు.

స్టైన్‌బెక్ ముప్పదికి పైగా రాష్ట్రములు చుట్టి, సుమారు 10,000 మైళ్లు, అనగా 16,000 కిలోమీటర్లు ప్రయాణము చేసి ఇల్లు చేరెను. ఆయన రోసినాంటే నేడు సాలినాస్‌లో ఆయన పేరిట వెలసిన ప్రదర్శనశాలలో నిలిచియున్నది. చూడవచ్చినవారు దాని చిన్నతనమునకు ఆశ్చర్యపడుదురు. ఒక పడక, ఒక బల్ల, ఒక పొయ్యి! ఒక మహాదేశమును చూచుటకు ఆ చిన్న ఇల్లు చాలినది. ఆరిగన్ వానలో ఆయనను ఆదుకొన్నది వెంట దెచ్చుకొన్న సామాను కాదు. పరిచయము లేని మనుష్యుని మంచితనము. దానిని బండిలో వేసికొని పోనక్కరలేదు. అది దారిలోనే లభించును. కావున యాత్రికుడు బండి మోయగలిగినంతయే మూటకట్టి, మిగిలిన చోటును చూడబోవు లోకమునకై విడువవలెను.