రాజలాంఛన విందులు – మర్యాదా సంప్రదాయములు

విదేశాధినేత గౌరవార్థము దేశాధ్యక్షుడొసగు విందు కేవల భోజనము కాదు. అది రెండు దేశముల మర్యాదను ఒకే బల్లపై నిలుపు రాజకార్యము. అందు ఆసనక్రమము ప్రధానమైనది.

1803 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన విందులో హోదాల వరుసను పాటింపలేదు. బ్రిటిష్ దౌత్య ప్రతినిధి ఆంథొనీ మెర్రీ సతీమణిని గాక, విదేశాంగమంత్రి భార్య డాలీ మాడిసన్‌ను భోజనశాలకు తోడ్కొని వెళ్ళెను. మెర్రీ దీనిని తన దేశమునకు జరిగిన అవమానముగా భావించి లండనుకు ఫిర్యాదు వ్రాసెను.

ఇట్టి వివాదముల నివారణకై 1815లో వియన్నా మహాసభ ఒక నియమము చేసెను. దేశము పెద్దదైనను చిన్నదైనను, సమశ్రేణి రాయబారులలో తన రాకను అధికారికముగా ముందు తెలిపినవారిదే ముందు స్థానము. 1961 నాటి వియన్నా ఒప్పందము కూడ పదవి చేపట్టిన తేదీనే ప్రమాణముగా గైకొన్నది.

బల్ల అలంకరణమునకును ఈ సమతాభావమే మూలము. ఎదుటివారి ముఖము మరుగుపడకుండ పూలను తక్కువ ఎత్తున అమర్చెదరు. బకింగ్‌హామ్ ప్రాసాదములో ప్రతి అతిథికిని సమాన స్థలము లభించుటకై కొలబద్దతో కొలిచెదరు. మన రాష్ట్రపతి భవనపు విందుశాలలో ఒకేసారి 104 మంది కూర్చొనవచ్చును. ఎప్పుడు వడ్డింపవలెనో, ఎప్పుడు పళ్ళెములు తీయవలెనో వడ్డనవారికి దీపములే తెలుపును.

మెర్రీని నొప్పించినది వంటకము కాదు, స్థానము. అతిథికి అన్నముకన్న ఆదరము మిన్నయని విద్యార్థులు గ్రహింపవలెను.