గేరు పడకపోయిన దోషము గేరుపెట్టెదేనా?
ట్రాక్టరు క్లచ్, గేరు లోపములను గుర్తించు విధము

మిరప తోటలో ఆకు ముడుచుకొనినంత మాత్రమున తెలిసిన రైతు మందు కొట్టడు. ముందు ఆకును చేతితో పట్టి చూచును. అంచులు పైకి ముడుచుకొనినచో తామర పురుగు అనియు, క్రిందికి ముడుచుకొనినచో నల్లి అనియు గుర్తించును. రెండును ముడతయే, కాని రెంటికిని మందు వేరు. గుర్తు తప్పినచో మందు డబ్బు పోవును, తోటయు దక్కదు.

ట్రాక్టరు విషయములో మాత్రము మనము ఈ జాగ్రత్త చూపుట లేదు. “గేరు పడుట లేదు” అనగానే గేరుపెట్టె విప్పించుటకు సిద్ధపడుచున్నాము. గేరు పడకపోవుటకు గేరుపెట్టె ఒక్కటే కారణము కాదు. అనేక పర్యాయములు దోషము క్లచ్‌లో ఉండును. క్లచ్‌లోను, లోపలి భాగములలో గాక, బయట పెడలు వద్దనే ఉండవచ్చును. దీనిని రైతు తానే తెలిసికొనుటకు వీలున్నది.

మంగళగిరి ప్రాంతములో ట్రాక్టరుకు ఏడాది పొడవున పని ఉండును. వేసవిలో నల్లరేగడి దుక్కులు, తొలకరిలో ప్రత్తి విత్తుటకు పొలము తయారు చేయుట, పిదప మిరప నాట్లకు దున్నుట, దుగ్గిరాల, తెనాలి వైపు మాగాణి దమ్ములు, కోతలు మొదలైన తరువాత మిరపకాయ బస్తాలను గుంటూరు యార్డుకు చేర్చుట. ఇందులో ఏ పనియు నాలుగు రోజులు ఆగునది కాదు.

రెండు అనుభవములు

నేను మెకానిక్కును కాను. వ్యవసాయాధికారిగా పొలములు తిరుగునపుడు చూచిన రెండు సంగతులు చెప్పెదను.

మంగళగిరి చేరువ గ్రామమున ఒక రైతు ట్రాక్టరుకు రివర్సు గేరు వేసిన ప్రతిసారియు కరకరమను శబ్దము వచ్చుచుండెను. ట్రాక్టరును మధ్యకు విడదీసి గేరుపెట్టె చూడవలెనని షెడ్డులో చెప్పిరట. నేను వెళ్లినపుడు క్లచ్ పెడలును చేతితో నొక్కి చూచితిని. దాదాపు 3 అంగుళములు ఊరకనే క్రిందికి పోయెను. లింకు కడ్డీపై లాకు నట్టు వదులై, కడ్డీ జరిగిపోయి యుండెను. డ్రైవరే పానాతో అరగంటలో సరిచేసెను. శబ్దము పోయినది, గేరుపెట్టె విప్పు పని తప్పినది.

రెండవ రైతుది దీనికి విరుద్ధమైన కథ. ఆయన ట్రాక్టరు పెడలులో కదలిక బొత్తిగా లేదు. “పెడలు బిగువుగా ఉన్నది, క్లచ్ గట్టిగా ఉన్నది” అని ఆయన సంతోషించెను. బస్తాల బరువుతో ఎత్తెక్కునపుడు కాలిన వాసన వచ్చుచున్నను పట్టించుకొనలేదు. మిరప కోతల నడుమ క్లచ్ ప్లేటు పూర్తిగా మాడిపోయెను. ఆకాశమున మబ్బులుండగా కల్లములో కాయ మిగిలిపోయి, అద్దె ట్రాక్టరు కొరకు ఊరంతయు తిరుగవలసి వచ్చెను.

ఈ రెండు ట్రాక్టర్ల రోగమును పెడలు ముందే చెప్పినది. వినువారు లేకపోయిరి.

క్లచ్ పనిచేయు తీరు

ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన చక్రము తిరుగుచుండును. దానికి ఆనుకొని క్లచ్ ప్లేటు, దాని వెనుక ప్రెషర్ ప్లేటు ఉండును. స్ప్రింగుల బలముతో ప్రెషర్ ప్లేటు క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టును. అపుడు ఇంజను బలము గేరుపెట్టెకు చేరును.

పెడలు తొక్కినపుడు ఫోర్కు ఒక బేరింగును ముందుకు నెట్టును. దీనిని రిలీజు బేరింగు అందురు. ఆ బేరింగు ఫింగర్లు అను చిన్న లీవర్లను నొక్కగా, ప్రెషర్ ప్లేటు వెనుకకు జరిగి క్లచ్ ప్లేటు విడుదల యగును. ఇంజను బలము గేరుపెట్టెకు పోవుట ఆగును. అపుడే గేరు శబ్దము లేకుండ పడును.

కాబట్టి క్లచ్‌కు ముఖ్యముగా రెండు విధముల జబ్బులు వచ్చును. పట్టవలసినపుడు పట్టకపోవుట ఒకటి. దీనిని క్లచ్ జారుట అందుము. వదలవలసినపుడు వదలకపోవుట రెండవది. వీని గుర్తులు వేరు, చికిత్స వేరు.

మొదట చూడవలసినది పెడలు ఖాళీ

ఇంజను ఆపి, పెడలును చేతితో మెల్లగా నొక్కుడు. మొదట కొంత దూరము తేలికగా పోయి, పిదప బరువు తగులును. ఆ తేలిక దూరమే పెడలు ఖాళీ. పెక్కు ట్రాక్టర్లకు ఇది సుమారు 25 నుండి 40 మిల్లీమీటర్లు, అనగా ఒక అంగుళము నుండి అంగుళమున్నర వరకు ఉండును. మీ ట్రాక్టరుకు ఎంత యుండవలెనో దానితో ఇచ్చిన పుస్తకములో చూచి, ఆ కొలతనే పాటింపుడు.

ఇచట ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. క్లచ్ ప్లేటు అరిగిన కొలది ఈ ఖాళీ పెరుగదు, తగ్గును. ప్లేటు పలుచబడగా ఫింగర్లు వెనుకకు జరిగి బేరింగుకు దగ్గరగా వచ్చును. ఖాళీ పూర్తిగా పోయినచో బేరింగు ఎల్లపుడు ఫింగర్లను నొక్కుచునే ఉండును. ప్లేటు సరిగా పట్టక జారి మాడిపోవును. ఖాళీ మితిమీరి ఉన్నచో పెడలు అడుగంట తొక్కినను ప్లేటు పూర్తిగా వదలదు, గేర్లు కరకరలాడును.

ఖాళీ తేడాగా ఉన్నచో లింకు కడ్డీపై లాకు నట్టును వదులు చేసి, కొలత సరిచేసి, నట్టును మరల బిగింపవలెను. నూనె ఒత్తిడితో పనిచేయు క్లచ్ ఉన్న ట్రాక్టర్లకు ఈ పద్ధతి వర్తించదు. వానికి నూనె మట్టము చూచి, గొట్టములో గాలి చేరినదేమో పరీక్ష చేయింపవలెను.

మీరే చేయదగిన మూడు పరీక్షలు

ట్రక్కును, రోటావేటరును విడదీసి, చదునైన నేలపై ఈ పరీక్షలు చేయవలెను. ముందు, వెనుక మనుషులు ఉండరాదు.

1. ఇంజను ఆపి చేయు పరీక్ష: క్లచ్ తొక్కి ఒక్కొక్క గేరు వేసి చూడుడు. పళ్లకు పళ్లు ఎదురుపడి ఒక్కొక్కసారి ఆగవచ్చును. అట్టి యెడల పెడలు ఒకసారి వదలి, మరల తొక్కి ప్రయత్నింపవలెను. ఇంజను ఆపినపుడు గేర్లు తేలికగా పడి, ఇంజను నడుచునపుడు మాత్రమే పడనిచో దోషము క్లచ్ వదలకపోవుటయే. ఇంజను ఆపినను గేరు లీవరు బిగుసుకొని యున్నచో దోషము లీవరులోనో, ఫోర్కులలోనో, గేరుపెట్టెలోనో ఉన్నది. షెడ్డుకు పోవుటకు ముందు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయుడు.

2. క్లచ్ వదలుచున్నదా అను పరీక్ష: ఇంజనును నిదానముగా నడువనిచ్చి, పెడలును పూర్తిగా తొక్కి, 5 సెకండ్లు ఆగి, రివర్సు గేరు వేయుడు. శబ్దము వచ్చినచో ప్లేటు ఇంకను తిరుగుచున్నదని అర్థము.

3. క్లచ్ పట్టుచున్నదా అను పరీక్ష: రెండు బ్రేకు పెడళ్లను కలుపు లాకు వేసి, చక్రములకు దిమ్మెలు పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పై గేరు వేసి, ఇంజనును మధ్యస్థముగా నడుపుచు క్లచ్‌ను మెల్లగా వదలుడు. క్లచ్ మంచిదైనచో ఇంజను ఆగిపోవును. ఇంజను ఆగక తిరుగుచునే ఉన్నచో క్లచ్ జారుచున్నది; వెంటనే పెడలు తొక్కవలెను. ఈ పరీక్ష ఒక్కసారికి మించి చేయరాదు. పదే పదే చేసినచో మంచి ప్లేటు కూడ మాడును.

క్లచ్ జారుచున్నచో

ఇంజను వేగము పెరుగును గాని బండి వేగము పెరుగదు. నల్లరేగడిలో నాగలి లోతుకు దిగగానే ట్రాక్టరు నీరసించును. మాడిన వాసన, ఒక్కొక్కపుడు పొగ కూడ వచ్చును. పెడలు ఖాళీ సరిగా ఉన్నను జారుచున్నచో ప్లేటు అరిగియుండవచ్చును, స్ప్రింగులు బలము తగ్గియుండవచ్చును, లేదా ప్లేటుకు నూనె అంటియుండవచ్చును.

క్లచ్ గది అడుగున ఉండు చిన్న రంధ్రము నుండి చుక్కలు పడుచున్నవేమో చూడుడు. నల్లని ఇంజను ఆయిలు అయినచో ఇంజను వెనుక సీలు పోయినది. గేరు ఆయిలు అయినచో గేరుపెట్టె ముందు సీలు పోయినది. సీలు మార్చక ప్లేటు మాత్రము మార్చినచో క్రొత్త ప్లేటు కూడ త్వరలోనే చెడిపోవును. దమ్ము చేయునపుడు కొన్ని ట్రాక్టర్లకు ఈ రంధ్రమునకు బిరడా బిగింతురు. దమ్ము ముగిసిన వెంటనే దానిని తీసి, చేరిన నీటిని పోనీయవలెను.

క్లచ్ వదలనిచో

పెడలు ఖాళీ సరిచేసినను గేర్లు కరకరలాడుచున్నచో ప్లేటు వంగియుండవచ్చును, లేదా తాను కదలవలసిన షాఫ్టుపై బిగిసియుండవచ్చును. వానకాలములో నెలల తరబడి నిలిపిన ట్రాక్టరుకు ప్లేటు త్రుప్పుతో ఫ్లైవీలుకు అతుకుకొనుట కూడ కలదు. దీర్ఘకాలము నిలుపునపుడు పెడలును నొక్కి, కర్ర దిమ్మెతో ఆపి ఉంచినచో ఈ బాధ తప్పును.

గేరుపెట్టె దోషములు

గేరు జారి న్యూట్రలుకు వచ్చుచున్నచో మొదట గేరు పూర్తిగా పడుచున్నదో లేదో చూడవలెను. పూర్తిగా పడినను జారుచున్నచో, గేరును నిలుపు గుండు, స్ప్రింగు బలహీనపడి యుండును. లేదా ఫోర్కు వంగియో, గేరు పళ్లు అరిగియో ఉండును. కొందరు లీవరును త్రాటితో కట్టి బండి నడుపుచున్నారు. ఇది ప్రాణాపాయకరము. అవసరమైన క్షణమున గేరు తీయుటకు వీలుండదు.

గేరు పడియు బండి కదలనిచో, భయపడుటకు ముందు హై–లో లీవరు న్యూట్రలులో ఉన్నదేమో చూడుడు. ఇట్లు మరచి మెకానిక్కును పిలిపించినవారు కలరు.

శబ్దమును బట్టియు దోషము తెలియును. ఇంజను నడుచుచుండగా, న్యూట్రలులో ఉంచి, పెడలు తొక్కినపుడు మాత్రమే కీచుమను శబ్దము వచ్చినచో రిలీజు బేరింగును అనుమానింపవలెను. పెడలు వదలినపుడు ఉన్న శబ్దము తొక్కగానే పోయినచో గేరుపెట్టె ముందు షాఫ్టు బేరింగును చూపింపవలెను. ఒక్క గేరులో మాత్రమే శబ్దమున్నచో ఆ గేరు పళ్లను చూపింపవలెను.

గేరు ఆయిలు మట్టము చూచునపుడు రంగు కూడ చూడుడు. పాలు కలిసినట్లు తెల్లగా ఉన్నచో నీరు చేరినది. దమ్ము పనుల తరువాత ఇది తరచు జరుగును. ఇనుప రవ్వలు కనిపించినచో పళ్లో, బేరింగులో అరుగుచున్నవి. అటుపై బండి నడుపరాదు. ఆయిలు పోయునపుడు పుస్తకములో చెప్పిన రకమునే పోయవలెను. అనేక ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్కుకు, నూనెలో మునిగియుండు బ్రేకులకు ఒకే ఆయిలు వాడుదురు.

చెడు అలవాట్లు

క్లచ్‌ను చంపునది పని కాదు, అలవాటు. పెడలుపై కాలు ఆనించి నడుపుట, ఎత్తుపై బ్రేకు వేయక హాఫ్ క్లచ్‌తో బండిని నిలుపుట, మితిమీరిన బరువుతో పై గేరులో బయలుదేరుట, కదలుచుండగా గేరు మార్చకూడని ట్రాక్టరులో నిలుపకయే మార్చుట — ఇవి నాలుగును మానవలెను.

కృష్ణ కరకట్ట దిగునపుడు డీజిలు కలిసివచ్చునని న్యూట్రలులో వదలుట, క్లచ్ తొక్కిపట్టుట మరియు ప్రమాదకరము. ఇంజను అడ్డు లేక బరువంతయు బ్రేకులపై పడును. దిగుటకు ముందే క్రింది గేరు వేసి, అదే గేరులో దిగవలెను.

క్లచ్ జారు బండి ఎత్తుపై వెనుకకు దొర్లవచ్చును. ట్రక్కులో మనుషులున్నచో నష్టము డబ్బుతో పోదు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలములో మిరప కూలీలను తీసికొనిపోవు ట్రాక్టరు విద్యుత్ స్తంభమునకు గుద్దుకొని పలువురు మరణించిరి. అది క్లచ్ వలన జరిగినదని చెప్పుట లేదు. ట్రక్కు బస్తాలకే గాని మనుషులకు కాదని గుర్తుచేయుచున్నాను.

గ్రామాధికారులకు సూచన

గ్రామములో సంఘము పేరిట అద్దెకిచ్చు ట్రాక్టర్లను పలువురు డ్రైవర్లు నడుపుదురు; కావున క్లచ్ త్వరగా చెడును. ప్రతి ట్రాక్టరుకు ఒక పుస్తకము పెట్టి, గంటల మీటరు అంకె, పెడలు ఖాళీ కొలత, ఆయిలు మార్చిన తేది, డ్రైవరు పేరు వ్రాయింపుడు. ఖాళీ నెలనెలకు తగ్గుచున్నదని పుస్తకము చూపినచో, ప్లేటును మిరప కోతలకు ముందే మార్పించుకొనవచ్చును. శిక్షణ కోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు.

రైతు సోదరులారా! మెకానిక్కు వద్దకు పోవలదని చెప్పుట లేదు. లోపలి భాగములను విప్పుట అతని పనియే. కాని షెడ్డుకు పోయి “గేరు పడుట లేదు” అని మాత్రము చెప్పక, “ఖాళీ ఇంత ఉన్నది; ఇంజను ఆపినచో గేర్లు పడుచున్నవి, నడిపినచో పడుట లేదు” అని చెప్పుడు. అపుడతడు సరియైన చోటనే పానా పెట్టును. రేపు ఉదయము ఇంజను స్టార్టు చేయుటకు ముందు ఒక్క నిమిషము వంగి, పెడలును చేతితో నొక్కి చూడుడు.