కాంపాక్టు డిస్కు: గీత పడినను చెడని పాట

వెలుతురునకు త్రిప్పినచో ఇంద్రధనుస్సువలె రంగులు చూపు కాంపాక్టు డిస్కును మీలో పలువురు చూచియే యుందురు. దానిపై చిన్న గీతలు పడినను సాధారణముగా పాట చెడదు. ఇది యెట్లు సాధ్యమో విచారింతము.

1877వ సంవత్సరమున అమెరికా దేశస్థుడగు ఎడిసను మానవ కంఠధ్వనిని స్తూపముపై నిలిపి మరల వినిపించెను. 1887లో బెర్లినరు గ్రామఫోనునకు పేటెంటు పొందెను. పిమ్మట గుండ్రని ప్లేట్లు వ్యాప్తికి వచ్చెను. వీనియందు సూది గాడిలో రాచుకొనుచు పోవును గాన, వినినకొలది గాడి అరుగుచుండును. ఈ లోపము లేని సాధనమునకై హాలెండులోని ఫిలిప్సు, జపానులోని సోనీ కంపెనీలు 1979లో కలిసి కృషి ఆరంభించి, 1980లో ఒక ప్రమాణమును నిర్ణయించినవి. 1982 ఆగస్టు 17వ తేదీన జర్మనీలో హానోవరు సమీపముననున్న లాంగెన్‌హాగెను కర్మాగారమున డిస్కుల తయారీ మొదలయ్యెను. అక్టోబరు 1వ తేదీన వానిని పాడించు యంత్రము జపానులో అమ్మకమునకు వచ్చెను.

డిస్కు వ్యాసము 120 మిల్లీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. ఇది పాలికార్బొనేటు అను గాజువంటి ప్లాస్టిక్కుతో చేయబడును. దాని పైవైపున సూక్ష్మమైన గుంటలు, వానిపై అల్యూమినియపు పూత, ఆ పైన వార్నీషు, పేరుచీటీ యుండును. గుంటల వరుస నడిమినుండి అంచునకు చుట్టలు చుట్టుకొనుచు పోవును. చుట్టకును చుట్టకును నడుమ ఎడము 1.6 మైక్రోమీటర్లు మాత్రమే. ఆ వరుసను సాగదీసినచో సుమారు 5 కిలోమీటర్లగును!

ఇందు ధ్వని అంకెల రూపమున నుండును. ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 0, 1 అను అంకెలు పదునారింటితో వ్రాయుదురు. కుడి యెడమలకు వేర్వేరుగా కొలుతురు గాన, 44,100 × 16 × 2 = 14,11,200 అంకెలు ఒక్క సెకనునకే కావలెను. లేసరు కిరణము వరుసపై పడి తిరిగివచ్చును. గుంట అంచు తగిలినచోట 1 అనియు, మార్పులేని చోట 0 అనియు యంత్రము గ్రహించును. ఏ సూదియు తాకదు గనుక అరుగుదల లేదు.

ఇక గీతల సంగతి. 7, 5, 4 అను సంఖ్యల ప్రక్కన వాని మొత్తము 16ను గూడ వ్రాసితిమనుకొనుడు. 4 చెరిగిపోయినను మిగిలినవానినిబట్టి దానిని కనుగొనగలము. ఇంతకంటె ఎంతో లోతైన గణితపద్ధతిని రీడు, సాలమను అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిరి. డిస్కుపై అట్టి అదనపు అంకెలు కలవు. అంతేగాక, ఒకచోటి అంకెలను వరుసగా వ్రాయక దూరదూరముగా చల్లి వ్రాయుదురు. అందువలన ఒక గీత పెక్కుచోట్ల కొద్దికొద్దిగా మాత్రమే నష్టము చేయును. వరుస వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్లు చెడినను యంత్రము పూర్తిగా సరిదిద్దుకొనగలదు.

కావున డిస్కును గుండ్రముగా తుడువరాదు; వరుస వెంబడి గీతపడినచో అనేకాంకెలు ఒక్కమారే పోవును. నడిమినుండి అంచునకు తిన్నగా తుడువవలెను. పేరుచీటీ వైపున అల్యూమినియమునకు రక్షణ పలుచన గాన, ఆ వైపును మరింత జాగ్రత్తగా చూడవలెను.

ఇంటర్నెట్టు ద్వారా పాటలు వినుట హెచ్చి, నేడు డిస్కుల వాడుక తగ్గినది. అయినను అంగళ్లలో ఫోనుతో చదివించు క్యూఆర్ గుర్తు కొంత మాసినను పనిచేయుట ఈ గణితము వలననే. నష్టము కలుగునని ముందే యెంచి దానికి తగిన యేర్పాటు చేసియుంచుటయే ఇందలి నేర్పు.