రాజ్‌పుత్ నౌక

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమవారికిని, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల వారికిని పుట్టి చిరపరిచితము. వెదురుబద్దలతో అల్లిన ఆ గుండ్రని పడవమీద జనులు కృష్ణను దాటుట కలదు. ఆ కృష్ణాజలములు తుదకు చేరునది బంగాళాఖాతము. ఆ సముద్రమున మన దేశమునకు సేవచేసిన యుద్ధనౌక రాజ్‌పుత్.

యుద్ధనౌకలలో పెక్కు తెగలు కలవు. వేగముగా పోవుచు, పెద్ద నౌకలకు రక్షణగా నుండి, నీటి అడుగున దాగి సంచరించు జలాంతర్గాములను వెదకి కొట్టునది విధ్వంసక నౌక. రాజ్‌పుత్ అట్టిదే. అది స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకున నిర్మింపబడి, 1942లో 'రోథర్‌హాం' అను పేర బ్రిటిషు నౌకాదళమున చేరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున హిందూ మహాసముద్రమున పనిచేసెను. 1949లో భారతదేశమునకు వచ్చి, రాజ్‌పుత్ అను పేరు దాల్చెను.

1971 నాటికి ఆ నౌక ముసలిదయ్యెను. దానిని కొలువునుండి తొలగించు తలంపును కలిగెను. ఇంతలో పాకిస్తానుతో యుద్ధము తప్పదని తోచెను. తూర్పు సముద్రమున మనకు ప్రధాన బలము విక్రాంత్ అను విమానవాహక నౌక. దానిని ముంచుటకై పాకిస్తాను 'ఘాజీ' అను జలాంతర్గామిని నవంబరులో కరాచీనుండి పంపెను.

తూర్పు నౌకాదళాధిపతి యగు వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒక ఉపాయము పన్నెను. విక్రాంత్‌ను రహస్యముగా అండమాను దీవులకు పంపివేసెను. రాజ్‌పుత్‌ను సముద్రముపైకి పంపి, విక్రాంత్ పంపునట్టి వైర్‌లెస్ వార్తలను దానిచే పంపించెను. విక్రాంత్‌లోని నావికు డొకడు తన తల్లి ఆరోగ్యము నడుగుచున్నట్లు, శత్రువులు సులభముగా గ్రహించునట్లు, ఒక తంతివార్తయు వెలువడెను. ఘాజీ ఆ వార్తలను నమ్మినచో దాని వేటు రాజ్‌పుత్‌మీదనే పడును. ఈ సంగతి యెరిగియే దాని నావికులు ఆ పనికి పూనుకొనిరి.

డిసెంబరు 3వ తేది సాయంకాలము యుద్ధము ప్రారంభమయ్యెను. ఆ రాత్రి లెఫ్టినెంటు కమాండరు ఇందర్ సింగు నాయకత్వమున రాజ్‌పుత్ విశాఖపట్టణపు రేవునుండి బయలుదేరెను. దీపములన్నియు ఆర్పివేయబడి యుండెను. కొంత దూరమేగినపిమ్మట నీటిపై ఏదో అలజడి కనబడెను. జలాంతర్గామి దాగియున్నదని అనుమానించి, నౌకను వేగముగా నడిపించి, లోతున ప్రేలు బాంబులను రెంటిని జారవిడిచిరి. అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు మహాధ్వని పుట్టెను. నగరములోని కిటికీలు అదరెను. తరువాత సముద్రముపై తేలిన వస్తువులవలన ఘాజీ మునిగినట్లు తెలిసెను.

రాజ్‌పుత్ బాంబులవలననే ఘాజీ మునిగెనని భారత నౌకాదళము ప్రకటించెను. తాను పరచిన మందుపాతరల వలననో, లోపలి ప్రేలుడువలననో అది నశించెనని పాకిస్తాను వాదించెను. ఈ వివాదము నేటికిని తీరలేదు. ఒక్క మాట మాత్రము నిశ్చయము: ఘాజీ విక్రాంత్‌ను కనుగొనలేకపోయెను. విక్రాంత్ క్షేమముగా నుండి, డిసెంబరు 4వ తేదినుండి చిట్టగాంగు, కాక్సుబజారులపైకి తన విమానములను పంపెను.

ఘాజీలో 93 మంది మరణించిరి. శత్రువులే యైనను వారును తమ విధిని నెరవేర్చుచు ప్రాణములు విడిచిన నావికులు. వారి మృతికి మనము సంతోషింపరాదు.

1976లో పాత రాజ్‌పుత్ సేవ ముగిసెను. తరువాత దానిని విడగొట్టిరి. కాని ఆ పేరు నిలిచెను. సోవియట్ దేశమున నిర్మింపబడిన క్రొత్త రాజ్‌పుత్ 1980 మే 4వ తేదిన మన నౌకాదళమున చేరెను. అది 1988లో మాల్దీవులలో చెలరేగిన తిరుగుబాటు నణచుటకు మన దేశము చేసిన సహాయమున పాల్గొనెను. 41 సంవత్సరములు సేవచేసి, 2021 మే 21వ తేదిన విశాఖపట్టణమున విశ్రాంతి పొందెను.

పాత రాజ్‌పుత్ విక్రాంత్ అంత పెద్దది కాదు, క్రొత్తదియు కాదు. తనకంటె విలువైన దానిని కాపాడుటకై శత్రువు గురిని తనవైపు త్రిప్పుకొనెను. కీర్తి వచ్చునో రాదో యెంచక ఇతరుల రక్షణకై ముందు నిలుచుటయే నిజమైన సేవ.