దెబ్బతిన్న పసి మెదడును చల్లబరిస్తే మేలా?

తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ లేకుండా ఉన్న పిల్లల తల్లిదండ్రులు, నీళ్లలో మునిగి గుండె ఆగి మళ్లీ కొట్టుకోవడం మొదలైన పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "ఒంటిని చల్లబరిచే మిషను పెద్దాసుపత్రిలో ఉందట, అక్కడికి తీసుకెళ్తే మా వాడికి మెలకువ వస్తుందా సారూ?" అని. అందుకోసం పొలం అమ్మడానికైనా, నగలు కుదువ పెట్టడానికైనా వెనుకాడరు. బంధువులు కూడా "ఇంకేదో వైద్యం ఉండే ఉంటుంది" అని తొందరపెడతారు. ఈ విషయం మీద చాలా దేశాల్లో, చాలా ఏళ్లు పరిశోధన జరిగింది. అందులో ఏం తేలిందో ప్రతి కుటుంబమూ తెలుసుకుంటే మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాము.

మెదడుకు రెండు దెబ్బలు

బండి మీద నుంచి పడినప్పుడు తలకు తగిలేది మొదటి దెబ్బ. అది క్షణంలో జరిగిపోతుంది, దాన్ని వెనక్కి తీసే మందు లేదు. ఆ తరువాత కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో రెండవ దెబ్బ మొదలవుతుంది. మెదడు వాస్తుంది. పుర్రె గట్టి ఎముక కనుక వాపు బయటికి పోవడానికి చోటు లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే రక్తం అందదు, రక్తం అందకపోతే ప్రాణవాయువు అందదు. గుండె ఆగి తిరిగి కొట్టుకున్న పిల్లల్లో కూడా మెదడు కణాలు ఇలాగే తరువాతి గంటల్లో చనిపోతూ ఉంటాయి. ఇంటెన్సివ్ కేర్‌లో మేము చేసే పనంతా ఈ రెండవ దెబ్బను ఆపడానికే.

ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గితే మెదడు వాడుకునే ప్రాణవాయువు సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. మరి బిడ్డను చల్లబరచి మెదడుకు విశ్రాంతినిస్తే రెండవ దెబ్బ తగ్గదా? ఈ ఆలోచన సబబైనదే. 2002లో యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ గుండె ఆగిన పెద్దవాళ్లను చల్లబరిస్తే మేలు కనిపించిందని రెండు పరిశోధనలు చెప్పాయి. దాంతో పిల్లల డాక్టర్లలోనూ ఆశ పెరిగింది.

చీటీ వేసి చూశారు

ఒక వైద్యం నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి నిజాయితీ గల పద్ధతి ఒకటే. జబ్బుపడినవారిని చీటీ తీసినట్లు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొత్త వైద్యం, రెండవ జట్టుకు మామూలు మంచి వైద్యం ఇచ్చి చూడాలి. ఎవరు ఏ జట్టులో ఉండాలో డాక్టరు ఎంచుకోకూడదు. ఎంచుకుంటే తెలియకుండానే బాగున్నవాళ్లను ఒక వైపు పెట్టేస్తాము. బిడ్డ ప్రాణం మీద ఉన్న ఘడియలో ఇలాంటి పరిశోధనకు ఒప్పుకుని సంతకం పెట్టిన తల్లిదండ్రులు ఆ దేశాల్లో వందల మంది ఉన్నారు. వాళ్లు చూపిన ధైర్యం వల్లే ఈ రోజు మీకు నికరమైన సమాధానం చెప్పగలుగుతున్నాము.

కెనడా, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల్లో తలకు తీవ్రమైన గాయమైన 225 మంది పిల్లల మీద జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. సగం మందిని 24 గంటల పాటు 32.5 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే మన జ్వరమాపకంలో 90.5 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చల్లబరిచారు. చల్లబరచిన జట్టులో నూటికి 21 మంది చనిపోయారు. చల్లబరచని జట్టులో నూటికి 12 మంది. ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కావచ్చునని గణాంకాలు చెబుతున్నా, మేలు మాత్రం ఎక్కడా కనబడలేదు. తిరిగి వెచ్చబరిచేటప్పుడు చాలామందికి రక్తపోటు పడిపోయింది. వాచిన మెదడుకు రక్తపోటు పడిపోవడమంటే ఎంత ప్రమాదమో పైన చెప్పాము. 2013లో వెలువడిన మరొక పరిశోధనలో అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పిల్లలను 48 గంటల పాటు చల్లబరచి, మెల్లగా వెచ్చబరిచారు. ఉపయోగం ఉండదని తేలి దాన్ని మధ్యలోనే ఆపేశారు.

గుండె ఆగిన పిల్లల సంగతి కొంచెం వేరు. ఆసుపత్రి బయట గుండె ఆగి, తిరిగి కొట్టుకున్నా స్పృహ రాని 295 మంది పిల్లల మీద అమెరికా, కెనడాలలోని 38 ఆసుపత్రులు చేసిన పరిశోధన 2015లో వచ్చింది. ఏడాది తరువాత చూస్తే, మెదడు చక్కగా పనిచేస్తూ బతికున్నవారు చల్లబరచిన జట్టులో నూటికి 20 మంది, చల్లబరచని జట్టులో 12 మంది. వినడానికి బాగానే ఉంది గానీ, ఇంత కొద్దిమందిలో ఈ తేడా చీటీ పడిన తీరు వల్ల కూడా రావచ్చు. అందువల్ల పరిశోధకులు దీన్ని మేలుగా లెక్కించలేదు. ఆసుపత్రిలో ఉండగానే గుండె ఆగిన పిల్లల మీద 2017లో వచ్చిన రెండవ భాగంలో ఆ కాస్త తేడా కూడా లేదు. 36, 39 దగ్గర రెండు జట్లూ దాదాపు సమానంగా నిలిచాయి. ఆశ పూర్తిగా వదులుకోలేక, ఎన్ని గంటలు చల్లబరిస్తే మేలో చూడడానికి 2022లో అమెరికాలో ఇంకొక పరిశోధన మొదలుపెట్టారు. అలా అడుగుతూ ఉండడం తప్పు కాదు. ఆ పేరు చెప్పి ఇక్కడ ఒక కుటుంబం అప్పులపాలు కావడం మాత్రం మాకు సమ్మతం కాదు.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. ఈ పరిశోధనల్లో "చల్లబరచని" పిల్లలను ఊరికే వదిలెయ్యలేదు. గుండె ఆగిన పిల్లల పరిశోధనల్లో ఆ జట్టు వేడిని కూడా యంత్రంతోనే 36.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, జ్వరం రాకుండా కాపాడారు. దెబ్బతిన్న మెదడుకు జ్వరం శత్రువు. కాబట్టి మా నర్సులు గంటగంటకూ వేడి చూడడం, జ్వరం మొదలవగానే మందు ఇచ్చి ఒళ్లు తుడవడం చిన్న పనిలా కనిపించినా అసలు వైద్యంలో భాగమే. ఐసు గడ్డలు తెచ్చి తల చుట్టూ పేర్చమని దయచేసి అడగవద్దు.

పుట్టగానే ఏడవని బిడ్డల విషయం

కాన్పు కష్టమై, ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న నవజాత శిశువులకు పాశ్చాత్య దేశాల్లో చల్లబరచడం నిజంగా మేలు చేసింది, అక్కడ అది మామూలు వైద్యమైపోయింది. మన దేశంలోనూ చాలా ఆసుపత్రులు మొదలుపెట్టాయి. అయితే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది శిశువుల మీద చేసిన పరిశోధన 2021లో వెలువడినప్పుడు డాక్టర్లంతా ఆలోచనలో పడ్డారు. చల్లబరచిన శిశువుల్లో నూటికి 42 మంది చనిపోయారు, చల్లబరచనివారిలో 31 మంది. ఒకచోట మేలు చేసిన వైద్యం ఇంకోచోట కీడు చేయవచ్చునన్న మాట. పరదేశంలో వచ్చిన ఫలితాన్ని మన గడ్డ మీద మళ్లీ పరీక్షించకుండా నమ్మరాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ మాకు కనిపించలేదు.

మరి ఏది మేలు చేస్తుంది?

యంత్రం చేయలేని మేలు మొదటి కొద్ది నిమిషాల్లో పక్కనున్న మనిషి చేయగలడు. పెద్దవాళ్లకు సాధారణంగా గుండె జబ్బు వల్ల గుండె ఆగుతుంది. పిల్లలకు చాలాసార్లు ముందు ఊపిరి ఆగి, తరువాత గుండె ఆగుతుంది. చెరువులో, కాలువలో, ఇంటి ముందు సంపులో మునగడం, గొంతులో పల్లీ గింజ అడ్డుపడడం ఇలాంటివే. మన దేశంలో సామాన్యులకు నేర్పే శిక్షణల్లో ఛాతీ నొక్కడం ఒక్కటే చెప్పేవి ఉన్నాయి. అది పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనది. పిల్లలకు నోటితో శ్వాస కూడా ఇవ్వాలి. జపాన్‌లో 5,170 మంది పిల్లల వివరాలు పరిశీలించి 2010లో ప్రకటించిన ఫలితం చూడండి. గుండె జబ్బు కాని కారణాలతో గుండె ఆగిన ఏడాది దాటిన పిల్లల్లో, ఛాతీ నొక్కి శ్వాస కూడా ఇచ్చినవారిలో వెయ్యికి 72 మంది మెదడు బాగుండి బతికారు. ఛాతీ మాత్రమే నొక్కినవారిలో వెయ్యికి 16 మందే. రెండూ చిన్న అంకెలే అని బాధ కలగవచ్చు, కాని వాటి మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

బిడ్డ పిలిస్తే పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే గట్టిగా కేకవేసి మనుషులను పిలవండి, ఒకరిని 108కి ఫోన్ చేయమనండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేంత మాత్రం నోటితో ఊదండి. నీళ్లలో మునిగిన బిడ్డకు ముందు శ్వాసతోనే మొదలుపెట్టాలి. తరువాత రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ పెట్టి, ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. ముప్పైసార్లు నొక్కి రెండుసార్లు ఊదండి. చంటిపిల్లలకు నోరు, ముక్కు రెండింటినీ మీ నోటితో మూసి ఊదాలి, రెండు చేతులతో ఛాతీని చుట్టి బొటనవేళ్లతో నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, ఉప్పులో పూడ్చడం వంటివి విలువైన నిమిషాలు తినేస్తాయి. ఆ ఉప్పు సంగతి సెల్‌ఫోన్లలో ఎంత తిరిగినా అందులో నిజం లేదు.

తలకు దెబ్బ తగిలితే బిడ్డను బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకురావద్దు. మెడ కదలకుండా పడుకోబెట్టి తీసుకురావాలి, వాంతి అయితే తల, మెడ, ఒళ్లు ఒక్కసారిగా పక్కకు తిప్పాలి. కాఫీ, సోడా పట్టవద్దు. గాయంలో పసుపు, కాఫీపొడి అద్దవద్దు, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. దారిలో ప్రాణవాయువు తగ్గకుండా, రక్తపోటు పడిపోకుండా చూసుకుంటే తీవ్ర గాయమైనవారు బతికే అవకాశం బాగా పెరుగుతుందని అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో అంబులెన్సు సిబ్బందికి శిక్షణ ఇచ్చి చేసిన పరిశోధన 2019లో చూపింది. మామూలు ఆటో కంటే 108 మేలని మేము పట్టుబట్టేది ఇందుకే.

చిన్న దెబ్బకు వెంటనే స్కాన్ తీయమని పట్టుబట్టేవారూ ఉన్నారు. అమెరికాలో తలకు దెబ్బ తగిలి, స్పృహ బాగానే ఉన్న 42,412 మంది పిల్లలను పరిశీలిస్తే, మెదడుకు ముఖ్యమైన గాయమున్నవారు నూటికి ఒక్కరికన్నా తక్కువే అని 2009లో తేలింది. స్కాన్ కిరణాలు పసివాళ్లకు అనవసరంగా తగలడం మంచిది కాదు. కాని ఆగకుండా వాంతులు, మత్తు, ఫిట్స్, పెరుగుతున్న తలనొప్పి, ముక్కు లేదా చెవి నుంచి రక్తం గాని నీరు గాని కారడం, కళ్ల చుట్టూ నల్లబడడం, రెండేళ్లలోపు బిడ్డకు తల వెనకో పక్కనో మెత్తగా బొప్పి కట్టడం, "మా బిడ్డ ఎప్పటిలా లేదు" అని తల్లికి అనిపించడం, వీటిలో ఏ ఒక్కటున్నా రాత్రి ఎంత పొద్దుపోయినా తీసుకురండి. ఆ చివరి గుర్తును మేము తేలికగా తీసుకోము.

ఛాతీ నొక్కడం, శ్వాస ఇవ్వడం చదివితే రాదు, బొమ్మ మీద చేసి చూస్తేనే చేతికి వస్తుంది. మీ సంఘంలోనో వీధిలోనో పదిమంది పోగై మాకు కబురు చేస్తే మా నర్సులు బొమ్మతో సహా వచ్చి ఒక పూటలో నేర్పుతారు. చెరువు, కాలువ దగ్గరున్న ఊళ్లవారు ముందుగా అడగవలసిందిగా కోరుతున్నాము.