రహస్యముగల మిత్రుల కథలు: వానిని చదువు విధము



భూగోళశాస్త్రపు అట్టలోపల వేఱొక చిన్న పుస్తకము నిమిడ్చి చదువుట క్రొత్త విద్య కాదు. మీ ముత్తాతల కాలమున ఆ లోపలి పుస్తకము వంగభాషనుండి తెలుగైన పాంచ్‌కడీ దే అపరాధపరిశోధక నవల. తరువాతి తరములవారికి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును దొరకిరి. నేడది ఆంగ్లసంపుటము; ఒక్కొక్కప్పుడు పుస్తకమే లేదు, అక్కగారి సెల్‌ఫోను తెర మాత్రమే కలదు.

చదువవలదని చెప్పుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. మేమును చదివినవారమే. గుడివాడలో అద్దెకు తెచ్చుకొన్న నవలలకు తఱచుగా కడపటి పుటలు ఉండెడివి కావు. హంతకుడెవడో మేమే నిర్ణయించుకొనుచు, ముదినేపల్లి చేరువఱకు బస్సులో వాదించుకొనెడివారము. ఆ చినిగిన పుటలే మాకు తర్కమున తొలిపాఠములు.

అయితే ఒంటి నవల వేఱు, సంపుటముల వరుస వేఱు. వరుసకథకు తనదైన యెత్తుగడ కలదు. అమెరికాలో 1930వ సంవత్సరమున నాన్సీ డ్రూ అను బాలిక కథలు వెలువడ మొదలిడెను. అప్పుడామెకు పదునాఱేండ్లు. 1959లో పాత సంపుటములను తిరుగవ్రాయ నారంభించినప్పుడు ఆమెను పదునెనిమిదేండ్ల దానిని చేసిరి. అనగా మూడు దశాబ్దములలో ఆమె పెరిగినది రెండేండ్లు! అట్టమీద కరొలిన్ కీన్ అను పేరున్నది గాని ఆ పేరుగల రచయిత్రి యెవ్వరును లేరు. ఎడ్వర్డ్ స్ట్రాటెమెయర్ నెలకొల్పిన సంస్థ కథాసంగ్రహములు సిద్ధపఱచి యిచ్చుచుండగా, మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్ మొదలగువారు వానిని పెంచి వ్రాసిరి. రహస్యములు ఛేదించు బాలిక కథలకు రచయితయే రహస్యమగుట మాకు మిక్కిలి వినోదముగా తోచును.

ఇంగ్లండున ఎనిడ్ బ్లైటన్ దొరసాని 1949 మొదలు 1963 వఱకు 'సీక్రెట్ సెవెన్' వరుసలో పదునైదు పుస్తకములు వ్రాసెను. పీటరు, జానెటు, వారి స్నేహితులైదుగురు, స్కాంపరను కుక్క. ఇది వారి సంఘము. తోటకొట్టములో సమావేశము, చొక్కాకు బిళ్ల, తలుపు తెఱచుటకు సంకేతపదము. ఆ పదమును మాటిమాటికి మార్చుచుందురు. దానిని కనిపెట్టవలెనని జాక్ చెల్లెలు సూసీ పొంచియుండును. చిన్న తరగతులవారు దీనితో మొదలిడిన మంచిది. ఇందలి రహస్యము ఆటవంటిది. ఎవరికిని గాయము తగులదు.

సంకేతపదమనగానే మనకు స్ఫురింపవలసినది విరాటపర్వము. వానలు వెనుకబడినప్పుడు మన పెద్దలు చదివించు పర్వమది. కాలువనీటికై యెదురుచూచు మన డెల్టాలో దాని సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. పాండవులు జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అను గూఢనామములు తమలో తాము పెట్టుకొనిరి. ఆయుధములను జమ్మిచెట్టుపై దాచి, ఎవరును దరిజేరకుండ శవమును వ్రేలాడగట్టిరి. ఇక కీచకవధ! ఆ వార్త దేశదేశముల వ్యాపించగా, అంతటి బలవంతుని చంపగలవాడెవడు అను ప్రశ్న పుట్టును. దాచవలెనన్నవారి చేతలే జాడలగుట అపరాధపరిశోధక కథకు ప్రాణము. ఆ సూత్రము మన తిక్కన చేతిలో ఏనాడో ఉన్నది.

పరిశుద్ధ గ్రంథములో ఆదికాండమున యోసేపు కథ చదువుడు. అచట పదిమంది అన్నలది ఒకే రహస్యము. మేకపిల్ల రక్తములో ముంచిన అంగీని తండ్రియెదుట పెట్టి, ఇది నీ కుమారునిదేనా చూడుమనిరి. మృగము తినెనని వారు నోట పలుకలేదు. ముసలితండ్రియే దుష్టమృగము తినెనని తీర్మానించుకొనెను. యోసేపునకప్పుడు పదునేడేండ్లు. ముప్పదియవ యేట ఫరోయెదుట నిలిచెను. ఏడేండ్లు సమృద్ధి, రెండేండ్లు కఱవు. లెక్క కట్టినచో ఆ రహస్యము సుమారు ఇరువదిరెండేండ్లు ఆ యింట భోజనమునకు కూర్చుండెను.

ఈ రెంటికిని భేదమేమి? పాండవుల రహస్యము ఆర్గురకును సమానముగ తెలియును. దానికి ఏడాది గడువున్నది. యోసేపు అన్నల రహస్యమునకు గడువు లేదు. దానివలన ఒకడు ప్రతిదినము ఏడ్చుచున్నాడు. కనుక ఏ వరుసకథ చేతబట్టినను ఈ ప్రశ్నలు వేయుడు: రహస్యము ఎవరెవరికి తెలియును? ఎంతకాలమునకు? దానివలన నొచ్చుచున్నవారెవరు? హంతకుడెవడను ప్రశ్నకన్న ఇవియే మేలైనవని మా యభిప్రాయము.

ఇప్పుడు పెద్ద తరగతుల బాలికలలో చేతులు మాఱుచున్న పుస్తకమునకు వత్తము. సారా షెపర్డ్ వ్రాసిన 'ప్రెట్టీ లిటిల్ లయర్స్', అనగా చక్కని చిన్ని బొంకులాడులు, 2006లో ఆరంభమై 2014లో పదునాఱవ సంపుటముతో ముగిసెను. 2010 నుండి 2017 వఱకు టెలివిజనులోను నడిచెను. ఐదుగురు నెచ్చెలులు, వారిలో ఆలిసన్ అను నాయకురాలు ఒక రాత్రి అదృశ్యమగును. మూడేండ్ల తరువాత మిగిలిన నలుగురకు 'ఏ' అను ఒక్క అక్షరముతో ముగియు బెదిరింపు సందేశములు వచ్చును. ఆ 'ఏ' ఎవరో మేము చెప్పము. చదువుచున్నవారి శాపము మాకెందులకు?

కళగా చూచినచో ఇందు లోపములున్నవి. నాలుగు సంపుటములకొకసారి కట్టిన ముడి విప్పినట్లే విప్పి మరల ముడివేయుదురు. పదునాఱును చదువుటకు పట్టు ప్రొద్దు తక్కువది కాదు. నాలుగవ సంపుటముతో ఆపినవారికి నష్టమేమియు లేదు. ధనికుల వైభవవర్ణన విసుగు పుట్టించును. కొన్ని ఘట్టములు చిన్నవారికి తగవు.

అయినను ఈ కథలో యంత్రమొకటి కలదు, దానిని గ్రహింపవలయును. నలుగురిలో ప్రతియొక్కతెకును ఆలిసన్‌కు మాత్రమే చెప్పుకొన్న సొంత రహస్యమున్నది. ఒకతె సంగతి మఱియొకతెకు తెలియదు. సందేశము వచ్చినప్పుడు ప్రతి బాలికయు తనకొక్కదానికే వచ్చెననుకొని దాచును. 'ఏ' యొక్క బలమంతయు ఆ దాపఱికములోనే యున్నది. ఆ నలుగురు మొదటినాడే ఒకచోట కూర్చుండి, నాకు వచ్చినది, నాకును వచ్చినదని ఫోనులు ముందుపెట్టుకొనియుండిన, బెదిరించువాని చేతిలో సగము ఆయుధములు రాలిపోయియుండును. పదునాఱు సంపుటములలో ఎన్ని మిగిలియుండునో గాని, ఆ బాలికలకు నిద్ర పట్టియుండును.

ఇది కథలో మాత్రమే జరుగునని యెంచకుడు. పేరులేని ఉత్తరము పూర్వము తపాలాలో వచ్చెడిది. ఇప్పుడు క్షణములో అఱచేతికి వచ్చును. ఫొటో నొకదానిని చూపి, ఇంటిలో చెప్పెదనని భయపెట్టువారు మన యూళ్లలోను లేకపోలేదు. పుస్తకములోని బాలిక చేసిన పొరపాటునే చదివిన బాలికయు చేయుట మాకు బాధాకరము. అట్టి సందేశము వచ్చినచో దానిని చెఱిపివేయకుడు, అదియే సాక్ష్యము. అడిగిన డబ్బు పంపకుడు. అమ్మకో, అన్నకో, నమ్మకమైన ఉపాధ్యాయినికో ఆ దినమే చూపుడు. ఇంట చెప్పుకొనలేని వారికి బాలల సహాయమునకు 1098, సైబరు నేరముల ఫిర్యాదునకు 1930 అను ఫోను సంఖ్యలున్నవి. మీరు తప్పు చేసియుండినను ఆ సంఖ్యలు మీకును వర్తించును. తిట్లు తినుదుమను భయముననే పలువురు ఆలస్యము చేయుదురు. మేము తిట్టము.

స్నేహితురాలు చెప్పిన మాటను దాచుట మఱి ద్రోహమా, మంచితనమా అని మీరడుగవచ్చును. ఆమె తన తండ్రి అప్పుల సంగతి చెప్పినచో దాచుడు. అది ఆమె సొత్తు. ఎవరో ఆమెను కొట్టుచున్నారని, వేధించుచున్నారని చెప్పినచో, ఒట్టు వేయించుకొన్నను, చెప్పవలసిన పెద్దలకు చెప్పుడు. ఆమె కొన్నాళ్లు మీతో మాటలాడకపోవచ్చును.

ఇక అభ్యాసము. మీ చేతనున్న వరుసకథయొక్క మొదటి సంపుటమును తీసికొనుడు. ఒక కాగితమును రెండుగా మడిచి, ఒకవైపున పాత్రల పేర్లును, రెండవవైపున ఒక్కొక్కరు దాచుచున్న సంగతిని వ్రాయుడు. ప్రతి అధ్యాయము చివర, ఇచట ఎవరు ఎవరికి నిజము చెప్పియుండినచో కథ ఆగిపోవునో గుర్తింపుడు. అట్టి మొదటి చోటు ఏ పుటలోనున్నదో కనుగొని, వేసవి సెలవుల తరువాత మాకు చూపుడు.