పెరటి కొబ్బరికి గంజి కొట్టండి, మందు కాదు

పెదపాడు మండలంలో ఈ నెల ఏ పెరట్లో చూసినా కొబ్బరి మట్టల అడుగున తెల్లటి దూదిలాంటి చుట్టలు, ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తున్నాయి. చెట్టు నీడన ఉన్న కరివేపాకు, జామ, అరటి కూడా జిగురు పట్టి నల్లబడుతున్నాయి. అప్పనవీడు నుంచి కొల్లేటి వైపు పోతుంటే చేపల చెరువు గట్ల మీది కొబ్బరికీ ఇదే బాధ. ఇది సర్పిలాకార తెల్లదోమ. సంక్రాంతి దాటాక వాన చినుకు లేక, ఎండ ముదిరేకొద్దీ దీని ఉధృతి పెరుగుతుంది. అందుకే ఈసారి ఎక్కువ భాగం కొబ్బరికే కేటాయిస్తున్నాను.

నా ఆందోళన పురుగు గురించి ఒక్కటే కాదు. పురుగు కంటే ముందే మందు డబ్బాలు పెరళ్లలోకి వస్తున్నాయి. రెండు కొబ్బరి చెట్లు, నాలుగు కూరపాదులు ఉన్న ఇంటికి మూడు రకాల పురుగుమందులు, పైన ఒక టానిక్ అంటగట్టి పంపుతున్నారు. మనిషికి రోజుకు 300 గ్రాముల కూరగాయలు కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. నలుగురున్న ఇంటికి నెలకు 36 కిలోలు. అందులో సగం పెరట్లో పండినా ఇల్లాలికి సంత ఖర్చు బాగా కలిసి వస్తుంది. ఆ కలిసొచ్చిన డబ్బంతా మందుల దుకాణంలో పోస్తే ఇక పెరడు ఎందుకు?

ఈ తెల్లదోమ మన దేశపు పురుగు కాదు. మధ్య అమెరికాలోని బెలిజ్ నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా 2004లో శాస్త్రవేత్తలు దీన్ని వర్ణించారు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట బయటపడింది. కొద్ది నెలల్లోనే కడియం నర్సరీల దగ్గర కనిపించి, అక్కడి నుంచి గోదావరి జిల్లాలంతటా పాకింది. నర్సరీ మొక్కల మీద ఎక్కి ఊరూరా తిరిగే పురుగు ఇది. కాబట్టి జామ, సపోటా, కొబ్బరి మొక్క ఏది కొన్నా ఆకు తిప్పి అడుగు చూడండి. తెల్లటి చుట్టలుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి.

తల్లి పురుగు ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టి, మైనం పొడి కప్పుతుంది. పిల్ల పురుగులు రసం పీల్చి, తేనెలాంటి జిగురు వదులుతాయి. ఆ జిగురు మీద పెరిగే బూజే నల్లటి మసి. ఇది విడిగా వచ్చిన తెగులు కాదు. మసిని చూపించి తెగులు మందు అమ్మితే తీసుకోకండి. జిగురు ఆగితే మసి ఆగుతుంది. ఈ దోమ వల్ల కొబ్బరి చెట్టు చావదు. మసి కప్పిన ఆకు ఎండను సరిగా అందుకోలేదు కాబట్టి కాపు కొంత తగ్గవచ్చు, అంతే. దుకాణంలో మిమ్మల్ని ఎంత భయపెట్టినా ఈ మాట మరచిపోవద్దు.

మందు కొట్టవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణాలున్నాయి. నలభై అడుగుల చెట్టు మీద, ఆకు అడుగున, మైనం చాటున ఉన్న పురుగుకు కింది నుంచి కొట్టిన మందు అందదు. దాన్ని నిజంగా అదుపు చేస్తున్నది ఎన్కార్సియా గ్వాడెలూపే అనే చిన్న కందిరీగ జాతి పురుగు. అది తెల్లదోమ పిల్ల పురుగుల్లో గుడ్లు పెట్టి, వాటిని లోపలి నుంచే చంపుతుంది. మీరు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, లామ్డా సైహలోత్రిన్ లాంటి మందులకు ముందు చచ్చేది ఈ మేలు చేసే పురుగే. ఆ తర్వాత తెల్లదోమ రెట్టింపు వేగంతో తిరిగొస్తుంది. దుకాణదారు రెండో డబ్బా ఇస్తాడు.

చెరువు గట్ల మీద కొబ్బరి ఉన్నవారికి ఇంకో మాట. లామ్డా సైహలోత్రిన్ లాంటి మందులు చేపకు, రొయ్యకు చాలా ప్రమాదం. కొబ్బరికి కొట్టిన జల్లు గాలికి చెరువులో పడితే నష్టం కాయల్లో కాదు, పట్టుబడిలో తేలుతుంది. వేరు ద్వారా మందు ఎక్కించడమూ ఈ పురుగుకు అక్కర్లేదు. ఇంట్లో పిల్లలు ఆ చెట్టు బొండాలే తాగుతారు.

చేయవలసింది ఇది. ముందు ఒక మట్ట కోయించి ఆకుల అడుగు చూడండి. తెల్లటి పొడి మధ్య పిల్ల పురుగులు నల్లబడి ఉంటే మేలు చేసే పురుగు పనిలో ఉన్నట్టే. ఆ మట్టను తగలబెట్టకండి. నల్లబడ్డ పిల్ల పురుగులున్న ఆకు ముక్కలు కత్తిరించి, అవి లేని చెట్లకు కట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పొట్టి చెట్లకు, కింద ఉన్న జామ, కరివేపాకులకు మోటారు పైపుతో ఆకు అడుగున జోరుగా నీళ్లు కొట్టండి. చాలావరకు పురుగు రాలిపోతుంది. మసి పట్టిన ఆకులకు ఉప్పు వేయని గంజి వడకట్టి, పంపు ముక్కు పూడుకోనంత పలుచగా చేసి పిచికారీ చేయండి. గంజిపొడి కలిపేవారు లీటరు నీటికి 10 గ్రాములు వేస్తే చాలు. ఎండకు గంజి ఆరి, మసిని పట్టుకుని పొరలుగా ఊడి వస్తుంది. పాత నూనె డబ్బాకు పసుపు రంగు వేసి, ఆముదం పూసి చెట్ల మధ్య వేలాడదీస్తే రెక్కల దోమలు అతుక్కుంటాయి. వారానికోసారి తుడిచి మళ్లీ పూయండి.

ఇవన్నీ చేసినా ఉధృతి మరీ ఎక్కువగా ఉంటేనే వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., కాస్త సబ్బుపొడి కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే మేలు చేసే శిలీంద్రం దొరికితే లీటరుకు 5 గ్రాములు చల్లబాటు వేళ వాడండి. దాంతో వేరే తెగులు మందు కలిపితే శిలీంద్రం చచ్చి, డబ్బు వృథా అవుతుంది. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం, తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం మనకు అందుబాటులోనే ఉన్నాయి. సలహా అక్కడ అడగండి, మందుల కౌంటరు దగ్గర కాదు.

టానిక్ కొనే డబ్బుంటే దాంతో పొటాష్ కొనండి. పెద్ద చెట్టుకు ఏడాదికి రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు దఫాలుగా వేయాలి. చాలా పెరళ్లలో అసలు వేయనిది అదే. కొబ్బరి డొక్కలు పారేయకుండా పాదులో బోర్లించి పేర్చితే ఎండాకాలం తడి నిలుస్తుంది. గిన్నెలు కడిగిన నీళ్లు అరటికీ, కొబ్బరికీ మళ్లించండి.

మిగతా పంటలకు ఒక్కో మాట.

బెండ: ఈనెలు పసుపుబారిన మొక్కను వెంటనే పీకేయండి. ఆ వైరస్ తెగులును ఏ మందూ నయం చేయదు.

వంగ: వాడి వాలిన మొవ్వును పురుగుతో సహా తుంచి నలిపేయండి.

బీర, సొర, కాకర: పండు ఈగ కుట్టిన కాయలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి. గంధకం చల్లితే ఆకు మాడుతుంది.

తోటకూర, గోంగూర: మడి అంతా ఒకేసారి విత్తకుండా వారానికో వరుస చల్లండి. వీటికి మందు ఊసే వద్దు.

మామిడి: పూత విచ్చుకున్నాక పిచికారీ చేస్తే తేనెటీగలు చచ్చి, పిందె పడదు.

ఏదైనా మందు కొనక తప్పకపోతే ముందు మీ ఊరి ఉద్యాన సహాయకుల చేత మందు పేరు, మోతాదు రాయించుకోండి. దుకాణంలో ఆ ఒక్కటే అడగండి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకం 2005 నుంచే నిషేధం. ఎవరు చేతిలో పెట్టినా తిరిగి ఇచ్చేయండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర ఏదీ కొనకండి.